తొణకని బిందె

నిండుకుండ తొణకదంటారు. ఈ సామెత మొదట అన్నది నీళ్ళు మోసిన ఆడమనిషే అయ్యుంటుందని నా నమ్మకం. ఎందుకంటే, తొణకకపోవడంలో కుండ గొప్ప సగమే. మిగతా సగం దాన్ని మోసే మెడది, నడుముది, పాదాలది. అయినా పేరు మాత్రం కుండకే వచ్చింది! ఇంట్లో మనం చేసే పనులు చాలావాటికి ఇదే గతి కదూ?

పోలవరం అనగానే ఇవాళ అందరికీ ఆనకట్ట గుర్తొస్తుంది. 1981లో శంకుస్థాపన జరిగి, 2004 తర్వాత పనులు మొదలై, 2014లో జాతీయ ప్రాజెక్టు అయిన ఆ కట్టడం గురించి పత్రికల్లో చదవని తెలుగువాళ్ళుండరు. మా అమ్మమ్మగారి ఊరు కావడం వల్ల నాకు మాత్రం ఆ పేరుతో ముందుగా కళ్ళ ముందు నిలిచేది అక్కడి రేవు. పాపికొండల మధ్య ఇరుగ్గా, లోతుగా వచ్చిన గోదారి, అక్కడికి రాగానే కొండల పట్టు వదిలించుకుని వెడల్పుగా ఒళ్ళు విరుచుకుంటుంది. కాస్త దిగువన నది మధ్యలో పట్టిసీమ కొండ, దాని మీద వీరభద్రస్వామి గుడి. వరదల్లో నీళ్ళు గట్టుని ఒరుసుకుంటాయి. ఎండాకాలం వచ్చిందా, నది ఎక్కడికో జరిగిపోయి మధ్యలో ఇసుక మేటవేస్తుంది. ఖాళీ బిందెతో ఆ ఇసుకలో నడిచి వెళ్ళాలి, నిండు బిందెతో తిరిగొచ్చి గట్టెక్కాలి.

నా చిన్నతనం నాటికి కుళాయిలు వచ్చినా, గోదారి నీళ్ళతో ఉడికితేనే అది పప్పు అనే ఇల్లాళ్ళు ఇంకా వుండేవారు. నెత్తిన చుట్టకుదురు, దాని మీద ఒక బిందె, చంకలో మరొకటి. నెత్తి మీది బిందెని చెయ్యి పట్టుకునేది కాదు. పాదం ఇసుకలో దిగబడేది, మోకాలు కాస్త వంగేది, నడుము అటూ ఇటూ సర్దుకునేది. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆ కుదుపంతా ఎక్కడిదక్కడ ఆగిపోయేది. నోటితో మాత్రం ఊళ్ళో సంగతులన్నీ సాగుతూనే వుండేవి! నేనూ ఒక చెంబు నెత్తిన పెట్టుకుని వెనకాల పడితే అమ్మమ్మ ఒకటే మాట అనేది.

"నేలకేసి చూడకే పిల్లా! నేలకేసి చూస్తే చెంబు నేలకే పోద్ది. ముందుకి చూడు."

ఈ విద్యని శాస్త్రజ్ఞులు తూచి చూడడానికి చాలా కాలం పట్టింది. అదీ మన దేశంలో కాదు, ఆఫ్రికాలో. కెన్యాలోని కికుయూ, లువో తెగల స్త్రీలు తలమీద బరువులు పెట్టుకుని మైళ్ళకొద్దీ నడుస్తారు. వాళ్ళు పీల్చే ప్రాణవాయువుని కొలిచి 1986లో 'నేచర్' పత్రికలో ఒక సంగతి ప్రకటించారు. తమ ఒంటి బరువులో అయిదో వంతు దాకా నెత్తిన పెట్టుకున్నా, ఊరికే నడిచినప్పటికంటే వాళ్ళకి అదనంగా శక్తి ఖర్చు కావడం లేదట! అంటే యాభై కిలోల మనిషి పది కిలోలు ఉచితంగా మోస్తున్నట్టు. ఇదెలాగన్నది 1995లో తేలింది. నడక అంటే గోడగడియారం లోలకాన్ని తలకిందులు చేసినట్టు. ప్రతి అడుగులోనూ ఒళ్ళు కాస్త పైకి లేస్తుంది, కాస్త కిందికి దిగుతుంది. పైకి లేవడానికి పెట్టిన ఖర్చులో కొంత దిగేటప్పుడు మనకి తిరిగి రావాలి. మామూలు మనుషుల నడకలో అందులో కొంత భాగం వృథా అవుతుంది. బరువు నెత్తికెత్తుకున్నప్పుడు ఆ స్త్రీలు ఆ వృథాని తగ్గించేస్తున్నారు. నెలాఖరుకి ఇల్లు నడిపే మనకి ఈ పొదుపు కొత్తదేమీ కాదనుకోండి!

అలాగని దీని మీద కవిత్వం రాయడం నాకిష్టం లేదు. 2010లో దక్షిణాఫ్రికా స్త్రీల మీద జరిగిన పరిశీలనలో ఆ ఉచితపు మోత అందరికీ లేదనే తేలింది. మెడనొప్పి మాత్రం చాలామందికే వుంది. నెత్తి మీద బిందె అందంగా వుందని చిత్రకారుడు బొమ్మ వేసుకోవచ్చు. ఇంటింటికీ కుళాయి రావడమే అంతకంటే అందమైన సంగతి. నేను చెప్పదలుచుకున్నది బరువు గురించి కాదు, ఆ బరువు నేర్పిన నిలకడ గురించి.

పోలవరానికి పైనున్న కొండల్లోకి వెళ్తే ఈ నిలకడ పండగ వేషం వేసుకుంటుంది. పాపికొండల్ని ఇంగ్లీషువాళ్ళు అడవిదున్నల కొండలనే అర్థంలో 'బైసన్ హిల్స్' అన్నారు. అక్కడి కొండరెడ్ల జీవితం మీద హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1945లో ఆ పేరుతోనే వచ్చింది. ఆ సీమలోని కోయవాళ్ళ ఆటల్లో కొమ్మునృత్యం పేరు మోసింది. మగవాళ్ళు అడవిదున్న కొమ్ములూ, నెమలి ఈకలూ కట్టిన తలపాగా పెట్టుకుని, డోలు వాయిస్తూ అడుగులేస్తారు. అంత వెడల్పు కొమ్ములు నెత్తినుంటే మెడ ఏ కాస్త వాలినా మనిషినే పక్కకి లాగేస్తాయి. ఆడవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని వరసగా కదులుతారు. ఒకరి తూకం ఇంకొకరికి ఆసరా అన్నమాట.

రేవులో మగవాళ్ళ విద్య వేరు. కావడి మోసేవాణ్ణి చూశారా? వాడు నడవడు, చిన్నగా పరుగులాంటి నడక నడుస్తాడు. కావడిబద్ద పైకీ కిందికీ ఊగే లయలో వాడి అడుగు పడుతుంది. వంగే బద్ద వల్ల శ్రమ తగ్గదు గాని, భుజం మీద పడే దెబ్బ తగ్గుతుందని 1991లో కొలిచి చెప్పారు. ఇక గెడ వేసే పడవవాడు. కాళ్ళకింద వున్నది నేల కాదు, ఊగే చెక్క. గెడని నదిలో దింపి నెట్టేముందు అతను ఒక్క క్షణం ఆగినట్టు కనిపిస్తాడు. ఆగలేదు. పాదాలు దూరంగా సర్దుకున్నాయి, మోకాళ్ళు మెత్తబడ్డాయి, నడుము బిగిసింది. చేతులు కదిలింది ఆ తర్వాతే.

ఆ ఒక్క క్షణమే ఈ వ్యాసానికి ఆయువుపట్టు. 1967లో మాస్కోలో బెలెన్‌కీ, గుర్ఫింకెల్, పాల్ట్‌సెవ్ అనే ముగ్గురు పరిశోధకులు, నిలబడ్డ మనిషిని చెయ్యి పైకెత్తమని చెప్పి, ఏ కండరం ఎప్పుడు పని మొదలుపెడుతోందో కొలిచారు. చెయ్యెత్తమంటే ముందు భుజం కదా పని చెయ్యాలి? కాదట! అంతకంటే ముందే తొడ వెనకాల కండరం బిగుసుకుంది. చెయ్యి ముందుకు వెళ్తే ఒళ్ళు కూడా ముందుకు తూలుతుందని మెదడుకి తెలుసు. అందుకని ఆ తూలు రాకముందే కాలికి కబురు పంపింది. అటకమీద ఆవకాయ జాడీ అందుకున్నప్పుడూ, దండెం మీద తడిచీర విసిరినప్పుడూ, ఏడుస్తున్న పిల్లని వంగి ఎత్తుకున్నప్పుడూ మన ఒంట్లో జరిగేది ఇదే. మనకి కనిపించేది చెయ్యి చేసిన పని. అంతకుముందే కాలూ, నడుమూ చేసిన పని ఎవరి కంటా పడదు. పెళ్ళిలో మంగళసూత్రం కట్టడం అందరూ చూస్తారు. తెల్లారుజామున లేచి పసుపు కొమ్ము దగ్గర్నుంచి అన్నీ అమర్చి పెట్టినావిడ మాత్రం ఏ ఫోటోలోనూ వుండదు!

అసలు నిలబడడమంటే ఊరికే వుండడం కాదు. చిన్నప్పుడు చీపురుపుల్లని అరచేతి మీద నిటారుగా నిలబెట్టి ఆడుకోలేదూ? అది పడిపోకుండా చెయ్యి క్షణక్షణం కదులుతూనే వుండాలి. మనం నిలబడడమూ అంతే. కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా ఒళ్ళు సన్నగా ఊగుతూనే వుంటుంది, పిక్కలు దాన్ని వెనక్కి లాగుతూనే వుంటాయి.

మరి ఒళ్ళు ఎటు వాలుతోందో మెదడుకి చెప్పేదెవరు? ముగ్గురు సాక్షులున్నారు. ఒకటి కన్ను. రెండోది చెవి. చెవంటే వినడానికేనని లోకం ఎన్నో వందల ఏళ్ళు అనుకుంది. 1824లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్లూరాన్స్, పావురాల లోచెవిలో వుండే అర్ధచంద్రాకారపు గొట్టాల్ని కోసి చూశాడు. పావురాలకి వినికిడి పోలేదు గాని, తూకం పోయి గిరగిర తిరిగాయి. పాపం పావురాలు! ఆ తర్వాత వియన్నాలో రాబర్ట్ బరానీ అనే చెవి వైద్యుడు రోగుల చెవులు నీళ్ళతో కడుగుతుంటే, వాళ్ళకి తల తిరిగేది, కళ్ళు ఒక పక్కకి లాక్కుపోయేవి. నీళ్ళు చల్లగా వుంటే ఒక వైపుకి, వేడిగా వుంటే రెండో వైపుకి! ఆ చిన్న సంగతి పట్టుకుని చెవికీ తూకానికీ వున్న చుట్టరికం తేల్చినందుకు 1914 నోబెల్ బహుమతి ఆయనకి వచ్చింది. ఆ కబురు అందేటప్పటికి ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో పట్టుబడి రష్యాలో ఖైదీగా వున్నాడు.

ఒప్పులకుప్ప ఆడినవాళ్ళకి బరానీ చెప్పింది బోధపడడం కష్టం కాదు. చేతులు పెనవేసుకుని గిర్రున తిరిగి ఆగితే, మనం ఆగాం గాని లోకం ఆగదు. లోచెవి గొట్టాల్లోని నీరు ఇంకా తిరుగుతూనే వుంటుంది. కన్ను ఆగావంటుంది, చెవి ఆగలేదంటుంది. ఇద్దరు సాక్షులూ చెరో మాటా చెప్తుంటే మెదడు ఏం తీర్పు చెప్తుంది? నేలమీద కూలబడి నవ్వడమే!

మూడో సాక్షి అరికాళ్ళూ, కీళ్ళూ, కండరాలూ. కరెంటు పోయి చిమ్మచీకటిలో అన్నం తిన్నా ముద్ద నోట్లోకే వెళ్తుంది గాని ముక్కులోకి వెళ్ళదు. మన ఒంటి జాడ మనకి చూడకుండానే తెలియడమన్నమాట. దీనికో శాస్త్రీయమైన పేరు పెట్టి, ఒక ప్రత్యేకమైన జ్ఞానంగా 1906లో గుర్తించినవాడు ఇంగ్లండులో షెరింగ్టన్. జర్మన్ వైద్యుడు రోంబెర్గ్ అంతకుముందు శతాబ్దంలోనే దీన్ని పరీక్షించే సులువు చెప్పాడు. పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడమంటాడు. కాళ్ళ కబురు సరిగ్గా అందని మనిషి కళ్ళు మూయగానే తూలిపోతాడు. మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడు పెద్దవాళ్ళు స్నానాలగదిలో ఎందుకు తూలతారో ఇప్పుడు తెలిసిందా?

పడమటి దేశాలు ప్రయోగశాలలో వెతికిన ఈ తూకాన్ని మనవాళ్ళు రంగస్థలం మీద వెతికారు. కాకతి గణపతిదేవుడి గజసేనాధిపతి జాయపసేనాని 1253-54 ప్రాంతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. ఏనుగుల్ని నడిపించిన చేత్తో నాట్యపు అడుగుల్ని లెక్కపెట్టాడు! మన నాట్యశాస్త్రాల్లో కదలికల కంటే ముందు స్థానకాలు చెప్తారు. అంటే ఎలా నిలబడాలో. 'అభినయదర్పణం' పది మండలాలు చెప్పింది. పాదాలెంత ఎడంగా వుండాలి, మోకాలెంత వంగాలి, బరువు ఎటు వుండాలి, అన్నీ తేలాకే చారి, అంటే నడక. 1213 నాటి రామప్పగుడి చూరుకింద నల్లరాతి మదనికలు నిలబడ్డ తీరు చూడండి. ఒక కాలిమీద బరువు, నడుము ఒక వంక, భుజాలు ఇంకో వంక. ఎన్ని వంకలున్నా మొత్తం మీద తూకం మాత్రం తప్పలేదు.

ఆ విద్య మనకి కళ్ళకి కట్టేది కూచిపూడి తరంగంలో. నారాయణతీర్థుల తరంగానికి ఆడుతూ ఆడుతూ నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుమీద పాదాలు మోపుతుంది. ఒక్కోసారి నెత్తిన నీళ్ళచెంబు కూడా వుంటుంది. పాదాలతో పళ్ళేన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ, తాళం తప్పకుండా రంగమంతా తిరుగుతుంది. కింద వేళ్ళు అంచుని పట్టుకుని చాకిరీ చేస్తుంటే, పైన మొహం మీద బాలకృష్ణుడి చిరునవ్వు! చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేది చేతుల ముద్రలకి. ఆ చేతులకి ఆ స్వేచ్ఛ ఇచ్చింది మాత్రం నడుమూ, పాదాలూ.

ఇందులో ఇంకో చిత్రముంది. కూచిపూడి భాగవతం తరాల తరబడి మగవాళ్ళ సొత్తు. ఆడవేషాలూ మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామగా జడ తిప్పుతూ నడిచొస్తే ఆడవాళ్ళే ఆ ఒయ్యారానికి తెల్లబోయేవారు. దీనివల్ల మనకి తెలిసేదేమిటి? నడక, నిలుపు పుట్టుకతో వచ్చేవి కావు. నేర్చుకుంటే వచ్చేవి. మగవాడు స్త్రీ నడక నేర్చుకోగలిగినప్పుడు, స్త్రీ తనదైన నడక నేర్చుకోలేదా? 1963లో మద్రాసులో వెంపటి చినసత్యంగారు కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక, ఇళ్ళల్లోంచి ఆడపిల్లలు వందలకొద్దీ వచ్చి ఆ పళ్ళెం అంచెక్కారు.

అదే కాలంలో, అవే ఇళ్ళల్లో ఆడపిల్లలకి చెప్పిందేమిటో గుర్తు చేసుకుందాం. తల వంచుకుని వెళ్ళు, తల వంచుకుని రా. భుజాలు ముడుచుకో, పైట సర్దుకో. ఎత్తుగా వున్న పిల్లయితే పెళ్ళికొడుకు దొరకడని ఇంకాస్త వంగమనేవారు. అదే పిల్ల చేతికి బిందె ఇచ్చి రేవుకి పంపేటప్పుడు మాత్రం తలెత్తి, వెన్ను నిలబెట్టి, ముందుకి చూసి నడవమన్నారు! అంటే, ఇంటి బరువు నెత్తినున్నంతసేపూ తలెత్తుకోవడానికి అనుమతి వుంది. బరువు దించగానే తలా దించాలి. మర్యాద అనుకుని మనం మోసింది ఒక వంకర నిలుపుని. గోదారి నీళ్ళకంటే అదే ఎక్కువ బరువు.

ఇప్పుడు తల వంచమనేవాళ్ళు తగ్గారు. సెల్‌ఫోను వచ్చి మగవాళ్ళ తలలు కూడా సమానంగా వంచేసింది! నవ్వులాటకి అన్నా, అసలు నష్టం వయసు మళ్ళాక తెలుస్తుంది. అనుకోకుండా జరిగే ప్రమాదాల్లో ప్రాణాలు పోవడానికి రోడ్డు ప్రమాదాల తర్వాత పెద్ద కారణం కిందపడడమేనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్తోంది. ముట్లు ఆగిపోయాక స్త్రీల ఎముకలు పలచబడతాయి గనక మనకి ఆ పడడం ఇంకా ప్రమాదం.

మా పెద్దత్తయ్య గడప దాటుతూ పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు, ఎముక అతికింది. నొప్పి కొన్ని నెలల్లో పోయింది గాని, మళ్ళీ పడతానేమోనన్న భయం పోలేదు. నూతిగట్టు దగ్గరికి కూడా రానని మంచానికి అతుక్కుపోయింది. "కూర్చుంటే పడను కదే" అనేది. ఆ లెక్క తిరగబడింది. కూర్చున్నకొద్దీ పిక్కలు సన్నబడ్డాయి, లేచినప్పుడల్లా తూలింది, తూలినకొద్దీ భయం ఎక్కువైంది. చివరికి వ్యాయామం చేయించడానికి వచ్చిన అమ్మాయి ఒక పని చేసింది. నడవమనలేదు. కిటికీ ఊచలు పట్టుకుని రోజూ ఊరికే నిలబడమంది. తర్వాత ఒక చేత్తో పట్టుకోమంది, ఆ తర్వాత ఒక వేలితో. అత్తయ్య ఒక పాదం కొద్దిగా ఎత్తి పది లెక్కపెట్టే రోజు వచ్చింది. నడక దానంతటదే వచ్చింది. సంక్రాంతికి వీధిగడప దాటి ముగ్గు చూడ్డానికి వచ్చింది.

ఇది ఒక్క మా అత్తయ్య అదృష్టం కాదు. వందకి పైగా జరిగిన ప్రయోగాల్ని కలిపి చూసి, తూకానికి సంబంధించిన వ్యాయామాలు చేసే వృద్ధుల్లో పడిపోవడాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని 2019లో లెక్క తేల్చారు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. మన తొక్కుడుబిళ్ళ, కుంటాట ఇవే పనులు ఆటల్లో చేయించేవి. చెల్లెళ్ళూ, పెళ్ళి కాగానే మనం ఆటలు మానేశాం. బిందెలూ పోయాయి. పోవలసిందే. వాటితోపాటు వెన్ను నిలబెట్టే అలవాటు కూడా పోవడమే అన్యాయం.

కాఫీ డికాషన్ దిగడానికి కొంతసేపు పడుతుంది కదా! పొయ్యికి కాస్త ఎడంగా నిలబడి, గట్టుమీద చెయ్యి ఆనించి, ఒక పాదం నేలమీంచి జానెడు ఎత్తండి. పది లెక్కపెట్టి, రెండో పాదం. తల తిరగడం లాంటిది వున్నవాళ్ళు డాక్టరు నడిగి మొదలుపెట్టండి. ఇంట్లో అత్తగారుంటే ఆవిణ్ణీ పిలవండి, ఆడపిల్లుంటే దాన్నీ పిలవండి. "ఊరికే నిలబడ్డారేమిటి?" అని ఎవరైనా అడిగితే, పని చేస్తున్నామని చెప్పండి. అబద్ధం కాదు. నెత్తిన ఏ బరువూ లేకపోయినా తలెత్తి నిలబడడం మనం ఇంకా పూర్తిగా అలవాటు చేసుకోవలసిన పనే.